ఎడమ భుజం మీది పువ్వు

మా అత్తగారింట్లో పెద్ద నిర్ణయాలేవీ మనుషులు తీసుకునేవారు కాదు. పోచమ్మ తీసుకునేది. పిల్లను ఏ ఊరికివ్వాలి, బోరు ఎక్కడ వేయాలి, ఈ ఏడు పత్తి పెట్టాలా సోయా పెట్టాలా, అన్నీ ఆమెనే అడిగేవారు. పెళ్లయిన కొత్తలో నేను మా ఆయనతో, "మరి మీ ఇంట్ల ఇంతమంది మనుషులెందుకు?" అన్నాను. చదువంతా మరాఠీలో సాగిన మనిషి ఆయన. నేను వాదనకు దిగినప్పుడల్లా "జావూ దే" అంటాడు, పోనీ వదిలెయ్ అని. పాతికేళ్లుగా ఆ రెండు ముక్కలతోనే నాతో కాపురం నెట్టుకొస్తున్నాడు.

మేముండేది చంద్రపూర్‌లో. జూనియర్ కాలేజీలో మరాఠీలో చరిత్ర చెబుతాను. సరిహద్దు అవతల డిగ్రీ వరకు తెలుగులో చదివినదాన్ని కాబట్టి ఇది తెలుగులో రాయగలుగుతున్నాను. మా ఇంట్లో ఇంకెవరూ దీన్ని కూడబలుక్కుని కూడా చదవలేరు. అలాగని చాటుగా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. చెప్పవలసిన మనిషికి ముఖం మీదే చెప్పాను. చెప్పడానికి మూడేళ్లు పట్టింది, అంతే.

అత్తగారి ఊరు రాజురా అవతల. తాతల నాటి నుంచి అక్కడ సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఇరవై దాకా ఉండేవి. ఊరికి ఉత్తరాన బొగ్గు గని. పైకప్పు లేని గని, మట్టిని తీసి గుట్టలుగా పోస్తూ కింది బొగ్గును తవ్వుకునే రకం. అది ఏటేటా ఊరివైపు జరుగుతూ వచ్చింది. ఊరి చివర వేపచెట్టు కింద నడుమెత్తు రాయి పోచమ్మ. వెండి కళ్లు తప్ప ఒళ్లంతా పసుపు.

ఆమెను అడిగే పద్ధతి చిన్నదే. రాయికి నీళ్లు పోసి, పసుపు పూసి, ఆ తడి మీద రెండు భుజాలకూ చెరొక గన్నేరు పువ్వు అద్దుతారు. తడి ఆరేకొద్దీ పువ్వు పట్టు వదులుతుంది. కుడిది ముందు పడితే అవును. ఎడమది ముందు పడితే కాదు. పువ్వులు అద్దేది ఇంటి పెద్దకోడలు. వేరే ఇంటినుంచి వచ్చిన చెయ్యి కాబట్టి దానికి పక్షపాతం ఉండదని వాళ్ల నమ్మకం. ఆ నియమం పెట్టినవాళ్లు ఏ కోడలితోనూ పది నిమిషాలు మాట్లాడి ఉండరు.

పెద్దకోడల్ని నేను.

గని మా పొలం వరకు వచ్చినప్పుడు, భూమి పోయినందుకు ఇంటికొక ఉద్యోగం ఇస్తామన్నారు. మా ఆయనకు చంద్రపూర్‌లో ఉద్యోగం ఉంది. కాబట్టి అది మా మరిదికి. సేద్యం తప్ప ఇంకోటి తెలియని మనిషి. ఒకరోజు పొద్దున చంద్రపూర్ వచ్చి, మా గదిలో చాప మీద కూర్చుని చాయ్ తాగుతూ నన్ను అడిగాడు.

"వదినా, సదువుకున్నదానివి నువ్వే చెప్పు. పొలం పోతే మల్ల పొలమే కొనుక్కుంటే తప్పేంది? కోర్పన దిక్కు మంచి నల్లరేగడి దొరుకుతదంటుండ్రు."

"దొరికేదాక యాడుంటరు?"

"ఇంకేడుంటం, మీ దగ్గర్నే. మాకెవలున్నరు?"

ఆ మాట ఎంత నిశ్చింతగా అన్నాడంటే, నాకు ఒళ్లు మండింది. మాది రెండు గదుల ఇల్లు. మా అబ్బాయి పుస్తకాలు ఫ్రిజ్ మీద ఉంటాయి, నా చీరలు ట్రంకు పెట్టెలో మంచం కింద ఉంటాయి. అందులోకి మరిది, తోడికోడలు, వాళ్ల కూతురు, అన్నిటికంటే మించి మా అత్త. రోజూ పొద్దున పొయ్యి వెలిగించడానికి ముందు పోచమ్మను అడగాలనే మనిషి. నల్లరేగడి ఎప్పటికి దొరకాలి?

"నెలనెల జీతమొస్తది, క్వార్టర్ ఇస్తరు, దవఖాన ఫుకట్, పైస కట్టేదుండదు," అన్నాను. "ఇసొంటి నౌకరి వద్దనేటోన్ని ఏమంటరో ఎరికేనా?"

"భయపడ్డోడంటరు. అననియ్యి." నవ్వాడు. తర్వాత గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "గా గుంత అంచుల నిలవడితేనే నా పానం కిందికి గుంజుతది వదినా. ఎవలో కిందికెళ్లి పిలిచినట్టయితది."

"పిలిస్తే పలుకు. జీతమిచ్చి పిలుస్తుండ్రు గద."

నా నోరు అలాంటిది. ఆ మాటకు అతనే గట్టిగా నవ్వాడు. ఇంటికి పోయి తన భార్యకు చెప్పుకుని మళ్లీ నవ్వాడట. తోడికోడలు మాత్రం నవ్వలేదు. "నువ్వు చెప్పేది నువ్వు చెప్పినవ్ అక్కా," అంది ఫోనులో. "పోచమ్మనడుగుదాం. ఆమె పొమ్మంటే పోతడు, వద్దంటే పోడు. గంతే."

అడిగే రోజు నేను బెల్లం వాడాను. ఇది ఏదో తొందరలో, ఆ క్షణాన జరిగిపోయిందని రాస్తే నాకే బాగుంటుంది. కాని నిజం అది కాదు. రాజురా వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బొగ్గు లారీల వెనకాల అది పాకుతుంటే తీరిగ్గా ఆలోచించుకున్నాను. నైవేద్యానికి బెల్లం ఎలాగూ ఉంటుంది. తడి వేలితో శనగగింజంత తీసి ఎడమ పువ్వు వెనక రాస్తే ఆ పువ్వు సాయంత్రం దాకా పడదు. కుడిది నీటి పట్టు మీదే ఉంటుంది కాబట్టి అదే ముందు పడుతుంది. అతనికి ఉద్యోగం, వాళ్లకు క్వార్టర్, నాకు నా రెండు గదులు. దీన్లో ఎవరికి నష్టం? రాయికా?

అలాగే చేశాను. కొంగు చాటున, అందరూ చూస్తుండగానే. నా వెనక అత్త, ఆమె పక్కన మరిది, తోడికోడలు, మా ఆయన, ఇంకా ఊళ్లోవాళ్లు కొందరు. అత్త చేతులు జోడించి అడిగింది: "తల్లీ, నా చిన్నకొడుకు గనిలకు పోవాల్నా?"

గంట గడిచింది. ఏ పువ్వూ పడలేదు. ఎండ నెత్తికెక్కింది. పసుపు ఆరి పగుళ్లు పట్టింది. అయినా కుడి పువ్వు అలాగే ఉంది. ఎవరో దగ్గారు. అత్త "చెప్పు తల్లీ, చెప్పు" అని గొణుగుతూనే ఉంది. నాకు వీపు మీద చెమట కారుతున్నది తెలుస్తోంది.

అప్పుడు గని సైరన్ మోగింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగ్. పూజ అంత పొద్దుపోతుందని ఎవరూ అనుకోలేదు. ఆ ఊరివాళ్లకు ఏళ్ల తరబడి ఒక అలవాటు పడిపోయింది. సైరన్ వినగానే ఎక్కడివాళ్లక్కడ గొంతుక్కూర్చుని, తువ్వాలో కొంగో మొహం మీదికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుంటారు. గుంత వైపు నుంచి వచ్చే దుమ్ము కళ్లలో పడితే వారం రోజులు తెరవలేరు. నడుస్తున్న చిన్నపిల్లలు కూడా ఆగి కూర్చుంటారు. పూజలో ఉన్నా సరే, దేవత ముందున్నా సరే. నా వెనక అందరూ అలాగే కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చిన నాకు ఆ అలవాటు లేదు. రాయి అడ్డం ఉంటే దుమ్ము తగలదులే అని దాని ముందే వంగి నిల్చున్నాను, కళ్లు తెరుచుకుని.

ముందు చప్పుడు రాదు. నేల కదులుతుంది. అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా ఏదో పాకినట్టు ఉంటుంది. అప్పుడు ఎడమ పువ్వు కదిలింది.

అదిరి రాలిపోలేదు. నెమ్మదిగా జారింది. భుజం మీంచి చెయ్యి పొడుగునా, వెనక బెల్లం గీత గీస్తూ, ఎవరో వేలితో పట్టుకుని కిందికి దించినట్టు వచ్చి, పాదాల దగ్గర ఆగింది. కుడి పువ్వు అణుమాత్రం చెదరలేదు. చప్పుడు అప్పుడు వచ్చింది.

కాదు, అంది.

ఏం చూశానో నాకు తెలుసు. మూడేళ్లుగా దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. ఎండకు బెల్లం కరిగిందనుకున్నాను. రాయి అటువైపు వాలి ఉందనుకున్నాను. అన్నీ సరైనవే కావచ్చు. కాని ఆ క్షణాన నాకు అర్థమైంది ఒక్కటే. నేను బెల్లం పెట్టి బిగించినా, ఆమె తన మాట తాను చెప్పింది.

దుమ్ము ఇంకా దిగలేదు. అందరి మొహాల మీదా కొంగులే. నేను కిందపడిన పువ్వు తీసి ఎడమ భుజానికి మళ్లీ అదిమాను. కుడి పువ్వును గోటితో మీటాను. రాలేదు. ఎండిన పసుపు మీద అంత తేలికైన పువ్వు, రెండోసారి మీటినా రాలేదు. చివరికి పట్టుకుని లాగవలసి వచ్చింది. అవతలి నుంచి ఎవరో పట్టుకుని ఉన్నట్టు, చివరికి విసుగొచ్చి వదిలేసినట్టు వచ్చింది.

వాళ్లు కళ్లు తెరిచేసరికి కుడి పువ్వు కిందుంది.

అత్త నేలకు నుదురు ఆనించింది. తోడికోడలు కళ్లు ఒత్తుకుంది. మరిది మాత్రం ఆ పువ్వును చాలాసేపు చూశాడు. "ఐపాయె," అన్నాడు. "పలుకుమన్నది వదినే అనుకున్న. అమ్మ గూడ గదే అంటంది."

మర్నాడు పొద్దున అత్త ఫోను చేసింది. అమ్మవారి ఎడమ భుజానికి చీమలు బారులు కట్టాయట. అమ్మ తీపిగా నవ్విందని ఊరంతా వచ్చి చూసిపోతోందట. ఆ తర్వాతి బోనాలప్పుడు చింతపండు పెట్టి ఆ చోటు నేనే తోమాను.

అతను పనిలో చేరాడు. క్వార్టర్ వచ్చింది. ఊరు ఖాళీ అయింది. మొదట్లో భయపడ్డాడు కాని అలవాటుపడ్డాడు. సెలవు రోజున జిలేబీ పొట్లంతో మా ఇంటికి వచ్చేవాడు. "నీ పుణ్యమే వదినా," అని ఒకసారి అన్నాడు కూడా. అత్త నా ఇంటికి రాలేదు. నేను కోరుకున్నదంతా జరిగింది.

రెండో వానాకాలం, గుంత అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర అతని డ్యూటీ. మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చిన వేళ పైనున్న మట్టి గుట్ట జారింది. అతన్ని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. పక్కనే పనిచేస్తున్న మనిషి పరిగెత్తి బతికాడు. పదోరోజున ఆ మనిషే ఇంటికి వచ్చి గోడకానుకుని కూర్చుని చెప్పాడు.

"నేను ఉరుకుమన్న. ఆయన గూడ లేసిండు. లేసి, కిందికి సూసిండు. బురదల ఏముంటదని సూసిండో ఎరికలేదు. ఆఁ, వస్తున్న, అన్నడు. నాతోని గాదు, కిందికి సూసుకుంటనే అన్నడు. గంతే."

నేను లేచి వంటగదిలోకి వెళ్లాను. అందరూ వదిన ఏడుస్తోందనుకున్నారు.

ఆ తర్వాత నెలల పాటు ఎవరూ నా తప్పు నాకు ఇవ్వలేదు. ఇది ఎవరికైనా వింతగా ఉండవచ్చు. మా వీధిలో శనివారం ప్రవచనానికి వెళ్లే ఆడవాళ్లు వచ్చారు. అంతా పైవాడి ఏర్పాటు, ముందే రాసిపెట్టి ఉంటుంది, మనం నిమిత్తమాత్రులం అన్నారు. పరామర్శకు వచ్చేవాళ్లకు పరిచిన చాపలు ఇంకా ఎత్తలేదు, అయినా వాళ్లతో జగడానికి దిగాను.

"పరీక్షలో చిట్టీలు పెట్టినోడు గూడ గిదే అంటడు. రాసిపెట్టి ఉందని మార్కులెయ్యాల్నా?"

"అది వేరే, ఇది వేరే," అంది ఒకావిడ.

"ఎట్ల వేరే? చిన్న తప్పు మనది, పెద్ద తప్పు దేవునిదా?"

దుఃఖంలో ఉంది పాపం అని వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ జాలి నాకు దెబ్బలా తగిలింది. ఆ వారమే మా ఆయనకు మొత్తం చెప్పాను. బెల్లం సంగతి, పువ్వు సంగతి, గోరు సంగతి. చనిపోయింది ఆయన సొంత తమ్ముడు. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా. "వాని రాత," అన్నాడు. తర్వాత, "జావూ దే."

కొడుకు పోయిన మూడు నెలలకు అత్త మంచం పట్టింది. క్వార్టర్‌లో ఒకరోజు పొద్దున నేను జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. తిప్పి, వేళ్లు విప్పి, గోళ్లు ఒక్కొక్కటే చూసింది.

"ఈ చెయ్యి నీదే అనుకుంటున్నవా, బిడ్డా?"

"నాది గాకుంటే ఎవలది?"

"మా అత్త నన్ను గూడ గిట్లనే అడిగింది."

"అంటే నువ్వు గూడ..."

"జావ సల్లారుతంది," అంది.

ఆనాడు కొంగు చాటునుంచి నన్ను చూసిందా? లేక పెద్దకోడలిగా ఉన్నప్పుడు ఆమె కూడా ఏదో ఒక పువ్వుకు బెల్లం రాసిందా? ఆ ఇంట్లో తరతరాలుగా పోచమ్మ చెప్పిందనుకున్న మాటలన్నీ కోడళ్లు చెప్పినవేనా? మూడు రోజులు వరసగా అడిగాను. నోరు విప్పలేదు. నాలుగోరోజు పోయింది. ఆ ప్రశ్న నాకు వదిలేసి పోయింది, దానికి నేను ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

చెయ్యి నాది కాకపోతే నా మనసు కుదుటపడుతుంది. పోచమ్మ ఏర్పాటులో నేను ఒక పనిముట్టును. కాని ఆ లెక్క కుదరదని నాకు తెలుసు, ఎందుకంటే ఆనాడు కళ్లు తెరుచుకుని ఉన్నది నేను. ఆమె కాదని చెప్పింది. బెల్లపు పట్టునే ఊడదీయగలిగినది నా గోటిని ఆపలేదా? రెండుసార్లు మీటే దాకా గట్టిగానే పట్టుకుంది. మూడోసారి వదిలేసింది. ముందే తెలిసి వదిలిందో, తెలియక వదిలిందో నాకు తెలియదు. వదిలింది. ఆ పైన చేసిందంతా నేనే.

ఈ మాట చెప్పవలసిన మనిషి ఒక్కతే మిగిలింది, తోడికోడలు. ఆమెకే చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆమె కూతురు అప్పటికే మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్తోంది. నేను రానీయకూడదనుకున్న రెండు గదుల్లోకే వచ్చింది. నా ట్రంకు పెట్టె పక్కన దాని పరుపు. పొద్దున లేవగానే "పెద్దమ్మా, నా క్లిప్పు చూసినవా" అని ఇల్లంతా వెతికిస్తుంది. నాకు ఆడపిల్ల లేదు. చెబితే ఆ పిల్ల ఉండదు, ఆ తల్లి నన్ను అక్కా అని పిలవదు. ఇంత నోరున్న నేను అందుకు నోరు మూసుకున్నాను.

మొన్న ఎండాకాలం మొదట్లో తోడికోడలు ఫోను చేసింది.

"ఆఫీసుల్నించి కాయితం వచ్చింది అక్కా. ఆయన నౌకరి నాకిస్తరట. వద్దంటే నెలనెల పింఛనిస్తరట. ఈ నెలాఖరుకు చెప్పాలె. పువ్వు అడుగుదాం, నువ్వు రా. నువ్వే పెట్టాలె."

భర్త పోయిన రోజునుంచి ఆమె పోచమ్మకు దీపం పెట్టలేదు. బోనం ఎత్తలేదు. ఆ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేది.

"దండం పెట్టుడే బందు చేసినవ్ గద. మల్ల అడుగుడెందుకు?"

"అందుకే. ఒక్కసారి అబద్ధమాడింది. నా మొగన్ని పొమ్మని చెప్పి మట్టిల కలిపింది. నా మొఖం ముంగట ఇంకోసారి ఆడుతదా, సూస్త."

ఫోను పెట్టేశాను. నాలో ఒకతె అప్పుడు కూడా ఉపాయం చెబుతూనే ఉంది. వెళ్లు, ఈసారి నిజాయితీగా అద్దు, ఏది పడితే అది పడుతుంది, పాతది తవ్వుకోనక్కరలేదు అని. దాని మాట వినడానికి దాదాపు ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున ఇద్దరమే వెళ్లాం. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు. ఊరు లేదు. గోడలున్నాయి, కప్పులు లేవు. తలుపులు, దర్వాజాలు ఊడదీసుకుపోయిన చోట్లలోంచి అవతలి ఇల్లు, అందులోంచి దాని అవతలి ఇల్లు కనిపిస్తోంది. గుంత అంచు వేపచెట్టుకు వంద అడుగులు కూడా లేదు. కింద ఎక్కడో బొగ్గు తనంత తానే కాలుతూ ఉంటుంది, నేల పగుళ్లలోంచి సన్నటి పొగ వస్తోంది. ఎవరో పోచమ్మ వెండి కళ్లు ఊడదీసుకుపోయారు. పసుపు తగలని రెండు తెల్లటి గుండ్రటి చోట్లు మిగిలాయి. వెండి కళ్లున్నప్పటికంటే ఇప్పుడే సూటిగా చూస్తున్నట్టుంది.

తోడికోడలు బిందెలో నీళ్లు తెచ్చింది. పొయ్యబోతూ ఆగింది.

"అక్కా, గిటు సూడు."

చీమలు. రాయి మొదట్లోంచి ఎడమ భుజం దాకా ఒకే బారు. భుజం మీద పువ్వంత మేర గుండ్రంగా తిరిగి, వెనక నుంచి దిగిపోతున్నాయి.

"ఏడాది సంది ఈడికి ఎవలూ వస్తలేరు. ఏముందని ఎక్కుతున్నయో." నీళ్లు పోసింది. చీమలు కొట్టుకుపోయాయి. పసుపు రాసింది. కొంగు ముడి విప్పి రెండు గన్నేరు పువ్వులు నా చేతిలో పెట్టింది. "పెట్టు."

నా చెయ్యి లేవలేదు.

"పెట్టు అక్కా. పసుపు ఆరుతంది."

"చెల్లె, అమ్మ అబద్ధమాడలే."

ఆమె నా వైపు చూసింది.

చెప్పాను. నిలబడే చెప్పాను, బస్సులో అనుకున్న దగ్గరనుంచి. మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు. ఎక్కడా నన్ను నేను వెనకేసుకు రాకూడదని ముందే అనుకున్నాను. అయినా రెండు గదుల సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గింది.

అంతా అయ్యాక ఆమె అడిగింది. "ఎడమదేనా పడ్డది?"

"ఎడమదే."

"నువ్వు సూసినవ్."

"సూసిన."

"ఆయన నీ ఎనకనే ఉండె. కండ్లు మూసుకొని."

"ఔ."

"వద్దని చెప్పింది. చెప్పింది ఆమె." ఇది నాతో అన్నది కాదు. రాయి ముందు చతికిలబడింది. "తల్లీ, వద్దని చెప్పినవ్. నేనేమో నిన్ను ఎన్ని మాటలన్న. రెండు బోనాలు ఎగ్గొట్టిన. నా మొగుడు పోయిండన్న బాధకన్న నువ్వు మోసం చేసినవన్న బాధనే ఎక్కువుండె నాకు. నువ్వు చెయ్యలే. నువ్వు చెప్పినవ్." తడి పసుపు మీద చెంప ఆనించింది. ఏడుస్తోంది కాని, ఆ ఏడుపులో ఏదో తేలికపడటం ఉంది. మాటలు లేకుండాపోయిన పుట్టింటివాళ్లతో మళ్లీ కలిసిన మనిషి అలా ఏడుస్తుంది.

నేను సిద్ధపడి వచ్చాను. తిడితే ఏమనాలో, కొడితే ఎలా నిలబడాలో, రాత అంటే ఎలా ఒప్పుకోకూడదో, ఒక్కొక్కదానికి జవాబు ఉంది నా దగ్గర. ఆమె, పోచమ్మ ఒకటైపోతారని మాత్రం అనుకోలేదు. వాళ్లిద్దరూ అక్కడ, నేను ఇక్కడ, చేతిలో వాడిపోతున్న రెండు పువ్వులతో.

"నన్నేమన్న అను," అన్నాను చివరికి.

లేచి ముఖం తుడుచుకుంది. చెంపకు పసుపు అంటుకునే ఉంది. "నిన్నేమంట? నువ్వే అంటుంటివి గద, ఎవలు చేసింది వాళ్లదే అని. అందరితోని కొట్లాడుతుంటివి." బిందె తీసుకుంది. "నీది నీ దగ్గర్నే పెట్టుకో."

కోపం లేదు ఆ గొంతులో. తక్కువ తూచి ఇచ్చిన దుకాణదారుకు సరుకు తిరిగి ఇచ్చేసినట్టుంది.

"మరి పువ్వు?"

"అడిగేది లేదు. చెప్పినప్పుడు మనం ఇనలే. మల్ల ఏ మొఖంతోని అడగాలె?"

ముందు నడిచింది. కప్పులు లేని ఇళ్ల మధ్య నుంచి, వెనక్కి చూడకుండా. వాళ్ల ఇల్లు ఉన్న చోట కూడా ఆగలేదు. నేను ఆ రెండు పువ్వులు ఎక్కడ పెట్టాలో తెలియక రోడ్డు దాకా మోసుకొచ్చాను.

బస్సు కోసం నిలబడినప్పుడు అంది, రోడ్డు వైపు చూస్తూ. "నౌకరి నేనే చేస్త. రేపు పోయి సంతకం పెడ్త."

"గా గని మీదనే గద పని. జర ఆలోచించుకో."

"ఆలోచించిన. తప్పయితే నా తప్పు. ఇంకెవల జిమ్మ గాదు."

ఇదే మాట నేను కాలేజీలో, వీధిలో, మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆమె నోటినుంచి వస్తుంటే నా కాళ్ల కింద నేల మెల్లగా కదిలినట్టయింది. రోడ్డు మీద లారీ కూడా లేదు.

"వచ్చే నెలనించి పిల్లను హాస్టల్ల ఏస్త," అంది. "దానికి చెప్పేది నేను చెప్త. నువ్వేం చెప్పకు."

సరే అన్నాను. బస్సు వచ్చింది. సగం పైగా ఖాళీగానే ఉంది. నేను ఎక్కి కూర్చుని పక్కకు జరిగాను, చోటిస్తూ. ఆమె నన్ను దాటుకుని ముందుకు వెళ్లి డ్రైవరు వెనకున్న సీట్లో కూర్చుంది. టికెట్టు ఇచ్చే అతను వచ్చి ఇద్దరా అని అడిగాడు. ఒకటే, అన్నాను.